వ్యాయామం మానకుండా జుట్టు కాపాడుకోవడం ఎలా

మొన్న ఏప్రిల్‌లో మా జిమ్ముకి వచ్చే ఒకమ్మాయి వారం పాటు కనబడలేదు. ఫోన్ చేసి అడిగితే, "అక్కా, దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే వస్తోంది. చెమటకి కుదుళ్ళు నానిపోతున్నాయని అమ్మమ్మ మాన్పించేసింది" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆరేళ్ళ కిందట నేనూ ఆ మాటే నమ్మాను. జడ రోజురోజుకీ సన్నబడుతోందన్న బెంగతో నాలుగు నెలలు వ్యాయామం మానేశాను. మానేసినా జుట్టు ఊడడం మాత్రం ఆగలేదు.

అందుకని ముందే చెప్పేస్తున్నాను, చెమట జుట్టును ఊడగొట్టదు. చెమటలో దాదాపు అంతా నీళ్ళే. మిగిలేది ఉప్పు, కాస్త యూరియా, లాక్టేట్. జుట్టుకి చేటు చేసేవి చెమట చుట్టూ మనం చేసే పనులు. తడితల మీద బిగించి ముడెయ్యడం ఒకటి. ఎండిన ఉప్పును రోజుల తరబడి మాడు మీదే వదిలెయ్యడం, లేదంటే భయపడిపోయి రోజూ షాంపూతో తోమెయ్యడం ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దది, త్వరగా బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోవడం. వీటిని సరిదిద్దుకుంటే ట్రెడ్‌మిల్లూ మానక్కర్లేదు, జడా కత్తిరించుకోనక్కర్లేదు.

ముందు తేల్చుకోండి: రాలుతోందా, తెగుతోందా?

దువ్వెనలో వచ్చిన జుట్టును ఉండ చుట్టి పారేయకుండా ఓ పది వెంట్రుకలు తీసి తెల్లకాగితం మీద పరచండి. కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. ఒక కొసన గసగసాల గింజకన్నా చిన్నగా తెల్లటి బుడిపె కనబడితే ఆ వెంట్రుక కుదురు నుంచి రాలింది. బుడిపె లేకుండా పొట్టిపొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగింది. రాలేదానికి కారణం ఒంట్లో వెతకాలి. తెగేదానికి కారణం మన రబ్బరు బ్యాండులో, తువ్వాలులో, దువ్వే తీరులో ఉంటుంది. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది తెగే జుట్టుకి మాత్రలు మింగుతారు, రాలే జుట్టుకి నూనెలు మారుస్తారు.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్ళకి, మధ్యలో రాలి జడలోనే చిక్కుకున్నవన్నీ ఆరోజు ఒక్కసారే బాత్రూమ్ జాలీ మీద కనబడతాయి. చూసి గుండె గుభేలుమంటుంది గానీ అది మూడు నాలుగు రోజుల లెక్క.

బయల్దేరే ముందు జడ వేసుకోవడం

చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు అమ్మ వేసిన రెండు జడలు గుర్తున్నాయా? కనుబొమలు కూడా పైకి లాగినట్టుండేవి. జిమ్ముకి వెళ్ళేటప్పుడు మనమూ అదే చేస్తాం. ఒక్క వెంట్రుకైనా మొహం మీద పడకూడదని నడినెత్తిన గుర్రపుతోకలా బిగించేస్తాం. రోజూ ఒకేచోట, ఒకేలా లాగితే నుదుటి అంచునా, చెవుల పైనా జుట్టు పలచబడుతుంది. చర్మవ్యాధుల డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటారు. మొదట్లో కనిపెట్టి వదులు చేస్తే పోయిన జుట్టు తిరిగొస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదురు మచ్చకట్టిపోతుంది, ఇక రాదు.

పొడిగా ఉన్న జుట్టునే పెద్దపళ్ళ దువ్వెనతో, కింది చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ చిక్కు తియ్యండి. మెడ దగ్గర నుంచి మూడు పాయల జడ వదులుగా అల్లండి. చివరన సన్న రబ్బరు బ్యాండు కాకుండా గుడ్డ తొడిగిన బ్యాండు వెయ్యండి. డబ్బులు కట్టే రబ్బరు బ్యాండు మాత్రం జుట్టు దగ్గరికే రానివ్వద్దు, తీసేటప్పుడు నాలుగు వెంట్రుకల్ని పట్టుకునే వస్తుంది. అల్లడం అయ్యాక అద్దంలో చూస్తూ కనుబొమలు పైకెత్తండి. మాడు మీద ఎక్కడైనా లాగినట్టనిపిస్తే అక్కడ వేలు దూర్చి కాస్త వదులు చెయ్యండి. ముందు పడే చిన్న వెంట్రుకల్ని ఆపడానికి మెత్తటి కాటన్ హెడ్‌బ్యాండ్ చాలు. దాన్ని మాత్రం లోదుస్తుల్లాగే రోజూ ఉతకాలి.

పరుగెత్తేవాళ్ళకి జడ వీపు మీద ఊగుతూ బట్టకి రాసుకుని చివర్లు చిట్లుతాయి. జడను పైకి మడిచి పెద్ద క్లిప్పు పెట్టుకోండి. బెంచీ మీద పడుకుని చేసే రోజైతే జడ పక్కకి వేసుకోండి. వారంలో రెండు మూడు రకాలుగా కట్టుకుంటే లాగుడు ఒకేచోట పడదు.

నూనె ఎప్పుడు రాయాలి

వ్యాయామానికి ముందు మాడుకి నూనె పట్టించకండి. చెమటతో కలిసి నుదుటి మీదకి కారి, జుట్టు అంచున మొటిమలు వస్తాయి. నూనె రాయాల్సింది తలంటుకి ముందు, గంటా గంటన్నర, అదీ ఎక్కువగా జుట్టు పొడవునా, చివర్లకి. నీళ్ళు తగిలినప్పుడల్లా వెంట్రుక ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. తరచూ తల తడిసే మనలాంటివాళ్ళకి ఈ ఉబ్బడం ముడుచుకోవడమే పెద్ద అరుగుదల. కొబ్బరినూనె వెంట్రుక లోపలిదాకా ఇంకి దీన్ని తగ్గిస్తుంది. మినరల్ ఆయిల్ కలిపిన సువాసన నూనెలు పైపైనే నిలిచిపోతాయి. మన అమ్మమ్మల పద్ధతిలో ఈ ముక్క నూటికి నూరుపాళ్ళు నిజం. కాకపోతే చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి నూనె రాయకూడదు. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఈస్టుకి నూనెలోని కొవ్వే తిండి.

వ్యాయామం అయిన వెంటనే పది నిమిషాలు

నన్నడిగితే అసలు పని ఇక్కడే ఉంది. దాదాపు అందరం వదిలేసేదీ ఇదే.

మాది విజయవాడ. రోహిణి కార్తెలో పొద్దున ఆరింటికే గాలి ఆడదు. స్టేడియంలో రెండు చుట్లు తిరిగేసరికి జడ మొదలు పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. అలాగే ఇంటికొచ్చి, అలాగే వంటింట్లో దూరి, పిల్లల డబ్బాలు సర్ది, ఆఫీసుకి వెళ్ళేదాకా ఆ జడ విప్పేదాన్ని కాదు. సాయంత్రం విప్పితే లోపల ఇంకా చెమ్మ, ముక్కిన వాసన. నల్ల టోపీ లోపలి అంచున మాత్రం ముగ్గు గీత గీసినట్టు తెల్లగా ఉప్పు ఉండేది. ఆ ఉప్పే మాడు మీదా ఉంటుంది. దురద పెడుతుంది, గోళ్ళతో గోకుతాం, చర్మం చిట్లుతుంది.

ఇప్పుడు చేసేది ఇది. ఆఖరి సెట్ అవ్వగానే జడ విప్పేస్తాను. పాత కాటన్ చీర చించి చేసుకున్న గుడ్డతో మాడుని అద్దుతాను. పాపిడి పొడుగునా, చెవుల వెనక, మెడ మీద వేళ్ళతో గుడ్డని నొక్కి పట్టుకుంటానే తప్ప రుద్దను. తర్వాత కాళ్ళూ చేతులూ సాగదీసే ఆ పది నిమిషాలూ ఫ్యాను కింద, జుట్టు వదిలేసి చేస్తాను. మెడ వంచే ఆసనమైతే జుట్టు కిందికి వేలాడి వేర్ల దాకా గాలి తగులుతుంది. ఇంటికొచ్చి స్నానం చేసేటప్పుడు రెండు చెంబులు మామూలు నీళ్ళు మాడు మీద పోసుకుని వేలికొసలతో కదిపితే ఉప్పు పోతుంది. ఉప్పు నీళ్ళలో కరిగేదే కదా, దానికి రోజూ షాంపూ అక్కర్లేదు. అంత తీరిక లేని రోజు తడిగుడ్డతో పాపిడి వెంట తుడుచుకున్నా చాలు.

స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు ఈ ఆరబెట్టడం కానిదే హెల్మెట్ పెట్టకండి. పల్చటి కాటన్ గుడ్డ తలకి చుట్టుకుని దానిపైన పెట్టుకోండి. హెల్మెట్ లోపలి మెత్త ఊడొచ్చే రకమైతే పదిహేను రోజులకోసారి ఉతకండి.

తలంటు ఎన్నిసార్లు, ఎలా

పొడుగు జుట్టున్నవాళ్ళు వారానికి రెండుసార్లు, బాగా జిడ్డు తలైతే మూడుసార్లు షాంపూ పెట్టుకోవచ్చు. మిగతా రోజుల్లో నీళ్ళు చాలు. పొట్టి జుట్టున్న మగవాళ్ళు గాఢత తక్కువ షాంపూతో రోజూ చేసినా నష్టం లేదు.

తలస్నానం ఏ వారం చెయ్యాలి, ఏ వారం చెయ్యకూడదు అన్న పట్టింపు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. దానితో గొడవ పడాల్సిన పని లేదు. తలంటుకి కుదిరే రోజునే ఎక్కువ చెమట పట్టే వ్యాయామం పెట్టుకోండి. కుదరని రోజున నడకో, యోగానో, తేలికపాటి బరువులో చెయ్యండి.

షాంపూని నేరుగా నెత్తిన కుమ్మరించకుండా మగ్గులో కాసిని నీళ్ళు కలిపి పల్చన చెయ్యండి. మాడుకే పట్టించండి, గోళ్ళు తగలకూడదు. కడిగేటప్పుడు కిందికి జారే నురగే పొడుగు జుట్టుకి సరిపోతుంది. జుట్టంతా నెత్తిమీదకి పోగేసి బట్టలు ఉతికినట్టు నలిపితే చిక్కు పడుతుంది. కండిషనర్ చెవుల కిందనుంచి చివర్ల దాకా మాత్రమే రాయాలి.

కుంకుడుకాయల మాట అడుగుతారని తెలుసు. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టిన రసంతో ఆదివారం తలంటుకోవడం నాకూ ఇష్టమే. అందులోని సపోనిన్లే నురగ తెప్పిస్తాయి, మురికినీ బాగా తీస్తాయి. ప్రతి వ్యాయామం తర్వాతా వాడితే మాత్రం జుట్టు పీచులా అవుతుంది. మందారాకు నూరి కలిపితే ఆ జిగురు కొంత మెత్తదనం ఇస్తుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకోవద్దు. మీ బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుంటే మీవి కఠిన జలం అన్నమాట. బోరు నీళ్ళున్న చాలా ఇళ్ళలో ఇంతే. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా మారి జుట్టుకి అంటుకుంటుంది. అలాంటి ఇళ్ళలో కనీసం ఆఖరి రెండు మగ్గులైనా మంచినీళ్ళు పోసుకోండి.

చుండ్రు ఉంటే కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడండి. పెట్టగానే కడిగేస్తే మందు పనిచేయదు, ఐదు నిమిషాలు ఉంచాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడిగాకే వాడాలి.

తడి వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. తలారబెట్టుకుంటూ జుట్టు ముందుకేసుకుని తువ్వాలుతో టపటపా కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. ఒకసారి అలా కొట్టాక గచ్చు మీద చూడండి, పొట్టి ముక్కలు కనబడతాయి. గుడ్డ చుట్టి నీళ్ళు పీల్చుకోనిచ్చి, చిక్కు వేళ్ళతోనే తియ్యండి. ఆఫీసు తొందరైతే హెయిర్ డ్రయర్‌ని జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా కదుపుతూ వాడొచ్చు. తడితల ముడేసి బయల్దేరడం కన్నా అదే నయం. సాంబ్రాణి పొగ వేసుకునేవాళ్ళు నిప్పులకి జుట్టు దగ్గరగా పెట్టకండి. ఆయాసం ఉన్నవాళ్ళు ఆ పొగ జోలికే పోవద్దు.

ఈత కొట్టేవాళ్ళు కొలనులో దిగే ముందే మామూలు నీళ్ళతో తల పూర్తిగా తడుపుకోండి. ముందే మంచినీళ్ళు పీల్చుకున్న జుట్టు క్లోరిన్ నీళ్ళని తక్కువ తీసుకుంటుంది. చివర్లకి కాస్త కొబ్బరినూనె, పైన సిలికాన్ టోపీ. బయటికొచ్చిన వెంటనే కడిగెయ్యాలి, ఇంటికెళ్ళాక కాదు.

తిండి: నేను పొరబడింది ఇక్కడే

ఆరేళ్ళ కిందట నాలుగు నెలలు వ్యాయామం మానేశాక కూడా జుట్టు ఊడుతూనే ఉంటే చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏ షాంపూ వాడుతున్నావని ఆవిడ అడగలేదు. "ఊడడం మొదలవడానికి మూడు నెలల ముందు ఏం జరిగింది?" అని అడిగింది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే రాత్రి అన్నం మానేసి రెండు బొప్పాయి ముక్కలతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాను. రెండున్నర నెలల్లో 9 కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. తగ్గాక కూడా ఆ తిండే కొనసాగించాను.

జరిగేది ఇది. ఎప్పుడూ తలమీది వెంట్రుకల్లో నూటికి 85, 90 పెరిగే దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే, అంటే తిండి హఠాత్తుగా తగ్గినా, డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలొచ్చినా, కాన్పైనా, ఆపరేషనైనా, పెరిగే వెంట్రుకలు చాలా భాగం ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అక్కడ రెండు మూడు నెలలుండి అప్పుడు రాలతాయి. రాలే నాటికి అసలు కారణం మనం మర్చిపోయి ఉంటాం. ఎదురుగా కనబడే చెమట మీద నేరం మోపుతాం. దీన్ని టీలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కారణం తొలగిపోతే మామూలుగా ఆరు నెలల్లోపు రాలడం తగ్గి, కొత్త జుట్టు వస్తుంది.

రక్తపరీక్షలో నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, బాగా తక్కువగా 11 వచ్చింది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. వీళ్ళలో ఎవరైనా తిండి పెంచకుండా వ్యాయామం మొదలుపెడితే ముందు నీరసం, తర్వాత జుట్టు. తోటకూర, గోంగూర, ఉలవలు, నువ్వులు, తినేవాళ్ళైతే మేక కాలేయం తినండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగకండి. ఇనుము మాత్రలు పరీక్ష చేయించుకుని డాక్టర్ రాసిస్తేనే వేసుకోండి.

వెంట్రుకంటే కెరటిన్, కెరటిన్ అంటే ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతోంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి ఇంకొంచెం కావాలి, 70 గ్రాముల దగ్గరికి రావచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినంతే. రెండు గుడ్లలో 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, గ్లాసు పాలలో మరో 7. మన పళ్ళెంలో అన్నం కొండలా ఉంటుంది, పప్పు దాని పక్కన చారెడు. ఆ పాళ్ళు మార్చండి చాలు, అన్నం పూర్తిగా మానక్కర్లేదు. బరువు వారానికి అర కిలోకి మించి తగ్గాలని పట్టుబట్టకండి.

జుట్టుకి మంచిదని అమ్మే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మామూలు తిండి తినేవాళ్ళకి అక్కర్లేదు. పైగా అవి వేసుకుంటే థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. వేసుకుంటూ ఉంటే రక్తం ఇచ్చే ముందు డాక్టర్‌కి చెప్పండి. బరువులెత్తేవాళ్ళు పొడిగా కలుపుకు తాగే క్రియాటిన్‌తో బట్టతల వస్తుందన్న మాట 2009లో దక్షిణాఫ్రికా రగ్బీ కుర్రాళ్ళ మీద చేసిన చిన్న అధ్యయనం నుంచి పుట్టింది. అందులో బట్టతలతో సంబంధమున్న ఒక హార్మోను పెరిగిందని చూశారే గానీ జుట్టు ఊడిందా అని లెక్కపెట్టనే లేదు. కండల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు అలా కాదు. వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకి అవి దాన్ని తొందర చేస్తాయి. జుట్టు సంగతి అటుంచి గుండెకీ కాలేయానికీ చేటు. తమ్ముళ్ళూ, ఎవరెంత చెప్పినా వాటి జోలికి పోకండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

రూపాయి బిళ్ళంత గుండ్రటి నున్నటి మచ్చలు పడినా, మాడు మీద చీము పొక్కులొచ్చినా, ఆరు నెలలైనా రాలడం తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. జుట్టు పలచబడడంతో పాటు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా, కావచ్చు. థైరాయిడ్ కూడా చూపించుకోండి. మగవాళ్ళలో నుదుటి రెండు మూలలా, నడినెత్తినా పలచబడుతుంటే అది వంశపారంపర్యం. తొందరగా వెళ్తే మందులు ఎక్కువ పనిచేస్తాయి. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే పాపిడితో ఫొటో తీసుకుని ఉంచుకుంటే డాక్టర్‌కీ మీకూ తేడా తెలుస్తుంది.

ఆ అమ్మాయిని నేనూ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే అడిగాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు మంచం పట్టిందట. ఆ ముక్క అమ్మమ్మగారితో కూడా ఫోన్లో చెప్పాను. "జ్వరం పడ్డాక జుట్టు ఊడుతుందని మా అమ్మా అనేదమ్మా, నాకే తట్టలేదు" అన్నారావిడ. మే నెలలో అమ్మాయి తిరిగొచ్చింది. ఇప్పుడు తన నుదుటి అంచున, పాపిడికి రెండువైపులా, రెండంగుళాల కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. జడలోకి రావు, క్లిప్పుకి అందవు, పరుగెత్తుతుంటే కళ్ళలో పడతాయని విసుక్కుంటోంది. మీకూ అలాంటివి వస్తే జెల్ పూసి వెనక్కి బిగించకండి. వెంట్రుక నెలకి సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. జడలో కలిసే పొడవు రావడానికి ఇంకో ఏడాది పడుతుంది. అప్పటిదాకా పైన ఆ కాటన్ హెడ్‌బ్యాండ్ వదులుగా పెట్టుకోండి.